చంద్రమతి పద్దు

హరిశ్చంద్ర నాటకం ఆడని ఊరు తెలుగుదేశంలో ఒకటి రెండు ఉంటే ఉండవచ్చును. కాటి సీను వచ్చేవరకు నిద్ర ఆపుకొని తెల్లవారుజాము దాకా కూర్చున్న తరాలు మనవి. నక్షత్రకుడు అడుగడుగున హరిశ్చంద్రుని పీడిస్తూ ఉంటే నవ్వినాము, కోపగించుకొన్నాము. బాకీ కోసం విడువకుండా వెంటపడేవానికి ఆ పేరే స్థిరపడిపోయినది. కాని ఆ కథలో అప్పు భారాన్ని అందరికంటె ఎక్కువగా మోసినది ఎవరు అని ఆలోచించిన ప్రేక్షకులు తక్కువ. మాట ఇచ్చినవాడు హరిశ్చంద్రుడు. పుచ్చుకొనవలసినవాడు విశ్వామిత్రుడు. ఆ లావాదేవీలో చంద్రమతి వ్రేలిముద్ర ఎక్కడా లేదు. పరుల ఇంట దాసిగా అమ్ముడుపోయి, కొడుకును ఒంటరిగా సాకినది మాత్రం ఆమె. ఆ బిడ్డ పాముకాటుకు బలియైన రాత్రి కాటిసుంకం చెల్లించడానికి కాసు లేక వల్లకాటిలో నిలబడినదీ ఆమెయే. మనం ఆ కథను సత్యవ్రత మహిమగా చెప్పుకొంటూ వచ్చినాము. చంద్రమతి జమాఖర్చు ఎవరూ వ్రాయలేదు.

ఆ జమాఖర్చు నేడు మన నగరాలలో అనేక గృహాలలో నడుస్తున్నది. భర్త గతించినవారు, విడాకులు పొందినవారు, విడాకులైనా లేకుండా విడిచిపెట్టబడినవారు, భార్యను పోగొట్టుకొని పిల్లలను పెంచుతున్న తండ్రులు - వీరందరి ఇళ్ళలో సంపాదించే చేయి ఒకటి, పెట్టవలసిన చేతులు నాలుగు. సంఖ్యలో తల్లులే అధికులు కాబట్టి ఇక్కడ తల్లి అనే మాటనే వాడుతాను. తండ్రులు తమకూ అన్వయించుకోవచ్చును. ఇటువంటి తల్లి అప్పులో పడినదని తెలియగానే బంధువులు, స్నేహితులు, పత్రికలలో గృహనిర్వహణ శీర్షికలు వ్రాసేవారు ఏకకంఠంతో చెప్పే మాట ఒకటే: ‘ఖర్చు తగ్గించుకో.’ ఈ ఉపదేశం సదుద్దేశంతో కూడినదే. కాని అది పడవలసిన చోట పడడం లేదని నా అభిప్రాయం.

లెక్క చూడనిదే ఈ మాట తేలదు. హైదరాబాదులో ఒక ప్రైవేటు కార్యాలయంలో పనిచేస్తూ, బడికి వెళ్ళే పిల్లలిద్దరిని పెంచుతున్న తల్లిని ఊహించుకొందాము. చేతికి వచ్చే జీతం 38,000 రూపాయలు. కూకట్‌పల్లి వంటి చోట రెండు గదుల వాటాకు అద్దె 11,000. బియ్యం, పప్పు, పాలు, కూరలు 10,000. పిల్లల బడిబస్సుకు, ట్యూషనుకు 4,500. బడి వదలినప్పటి నుంచి తాను ఇంటికి చేరేవరకు పిల్లలను కనిపెట్టి ఉండే ఆమెకు 3,500. గ్యాసు, కరెంటు, ఫోను 2,500. తన రాకపోకలకు మరొక 2,500. మందులకు, పల్లెలోని తల్లికి పంపడానికి 2,000. మొత్తం 36,000. మిగిలినది రెండు వేలు. ఇందులో ఏది దుబారా? పట్టుచీర లేదు, సినిమా లేదు, హోటలు భోజనం లేదు. పిల్లలను కనిపెట్టి ఉండే ఆమెకు ఇచ్చే మూడున్నర వేలు తగ్గించమంటారా? ఆ మూడున్నర వేలు ఉండబట్టే మిగతా ముప్పది ఎనిమిది వేలు వస్తున్నవి.

పన్నెండు నెలలూ ఇట్లే ఉంటే ఆమెకు అప్పుతో పని లేదు. కాని మన సంవత్సరంలో జూన్ అనే నెల ఒకటి ఉన్నది. వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే వేళకు మొదటి విడత ఫీజు, పుస్తకాలు, దుస్తులు, బూట్లు కలిసి ఇద్దరు పిల్లలకు నలభై అయిదు వేలకు తగ్గవు. ఏడాది పొడుగునా మిగిలిన రెండేసి వేలను ఒక జ్వరమో, ఒక పెళ్ళిచదివింపో, పాడైపోయిన గీజరో మింగివేసి ఉంటుంది. దంపతులిద్దరూ సంపాదించే ఇంట ఆ నెల రెండవ జీతం అక్కరకు వస్తుంది. అది చాలకపోతే బావమరిది దగ్గరకో, తోటి ఉద్యోగి దగ్గరకో వెళ్ళి చేబదులు తెచ్చే మనిషి ఒకడు ఉంటాడు. ఒంటరి తల్లికి ఆ రెండవ మనిషి లేడు. చేబదులు అడిగితే ఇచ్చేవారి చూపులో ఏమేమి కలిసి ఉంటవో ఆమెకు తెలుసు. అందువల్ల అడుగదు. చేతిసంచిలో కార్డు ఉన్నది. అది ప్రశ్నలు వేయదు, జాలి పడదు, మరుసటినాడు నలుగురిలో చెప్పదు. బడి కార్యాలయంలో గుమాస్తా దానిని యంత్రానికి చూపించి రశీదు ఇస్తాడు. ఆమె తల వంచుకొనవలసిన అవసరం రాలేదు.

ఆ ఇంట క్రెడిట్ కార్డు విలాస సాధనం కాదు. అది రెండవ మనిషి. లేని భర్త స్థానంలో, లేని అన్నదమ్ముల స్థానంలో అది నిలబడినది. ఈ సంగతి గ్రహించకుండా పొదుపును గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా ప్రయోజనం లేదు. ఆమె కష్టం వ్యయం ఎక్కువ కావడంలో లేదు. వ్యయం అంతా ఒక్కసారిగా వచ్చి పడడంలో, ఆ సమయానికి దొరికిన సొమ్ము ధర ఎంతో తెలియకపోవడంలో ఉన్నది.

అప్పు పాపమని నేను అనను. కాపురానికి తగిన ఊరు ఏదో చెప్పబోయిన సుమతీ శతకకర్త అప్పిచ్చేవానిని వైద్యునికంటె ముందు పేర్కొన్నాడు. ఆయన లోకం తెలిసినవాడు. అప్పు దొరకని చోట పేదవాడు బ్రతకలేడు. కార్డునైనా బిల్లు మొత్తం గడువులోగా చెల్లించివేసే వారికి అది ఇంచుమించు యాభై రోజుల వరకు వడ్డీ లేని చేబదులు. ఇంతకంటె ఉదారుడైన ఋణదాత మన చరిత్రలో కనబడడు. ఆ ఔదార్యం బిల్లులో అచ్చయ్యే రెండు అంకెల నడుమ అంతరించిపోతుంది. మొదటి అంకె చెల్లించవలసిన పూర్తి మొత్తం. రెండవది కనీస చెల్లింపు. ఈ రెండవ అంకెయే నేటి నక్షత్రకుడు. పాతవాడు కసరుకొనేవాడు, వీడు చిరునవ్వుతో ‘ఈ నెలకు ఇది చాలునమ్మా’ అంటాడు.

ఆ తల్లి కార్డు మీద అరవై వేలు నిలిచినదనుకొందాము. సాధారణంగా కార్డు బాకీపై వడ్డీ నెలకు నూటికి మూడున్నర రూపాయలు. కొన్ని కార్డులకు ఇంకా ఎక్కువ. అరవై వేల మీద నెలకు 2,100. ఆ వడ్డీ మీద 18 శాతం జి.యస్.టి. మరి 378. మొత్తం 2,478. నూటికి అయిదు వంతున కనీస చెల్లింపు మూడు వేలు. ఆమె పంటి బిగువున మూడు వేలు కట్టితే అసలులో తరిగేది 522 రూపాయలు! ఏడాది పొడుగునా, కార్డు మీద ఒక్క రూపాయి కొత్తగా వాడకుండా, నెలకు మూడు వేల చొప్పున ముప్పది ఆరు వేలు కట్టినా బాకీ ఇంకా 52,000 దాటి ఉంటుంది. అట్లే కట్టుకొంటూ పోతే తీరడానికి మూడున్నర సంవత్సరాలు దాటుతుంది. చెల్లించిన మొత్తం 1,29,000 పైచిలుకు. కనీస చెల్లింపు బాకీతోపాటు తగ్గుతూ వస్తుంది కనుక, అడిగినంత మాత్రమే కట్టేవారికి ఇంతకంటె ఎన్నో ఏళ్ళు పడుతుంది. పైగా పాత బాకీ నిలిచి ఉన్నంతకాలం కొత్తగా కొన్న వస్తువులకు వడ్డీలేని గడువు వర్తించదు. ఈ ఉదయం ఆ కార్డుతో కొన్న పాలపొట్లం మీద ఈ ఉదయం నుంచే వడ్డీ నడుస్తుంది. ఇక ఆ కార్డుతో యంత్రం నుంచి నగదు తీయడం మరీ చేటు: తీసిన నాటి నుంచే వడ్డీ, దానికి తోడు వేరే రుసుము.

మన పల్లెలలో నూటికి నెలకు రూపాయి వడ్డీని ధర్మవడ్డీ అనేవారు. రెండు రూపాయలు పుచ్చుకొనేవానిని ‘కాస్త గట్టివాడు’ అన్నారు. మూడు పుచ్చుకొనేవాని ముఖం ఉదయాన చూడరాదనుకొన్నారు. పన్నుతో కలిపి నాలుగు రూపాయల పదమూడు పైసలు పుచ్చుకొనేవాడు నేడు చలువరాతి భవనంలో ఉండి, పుట్టినరోజునాడు శుభాకాంక్షలు పంపుతున్నాడు. సాలుకు 42 శాతం అంటే ఎవరికీ గుండె దడ పుట్టదు. ‘నాలుగు రూపాయల వడ్డీ’ అని తెలుగులో చెప్పండి, అరుగు మీద కూర్చున్న ముసలమ్మ అయినా ఉలిక్కిపడుతుంది.

ఈ వడ్డీకి హద్దు లేదా అని పాఠకులు అడుగవచ్చును. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో, గడువులోగా చెల్లించని కార్డు బాకీలపై సాలుకు 30 శాతానికి మించి వడ్డీ పుచ్చుకొనడం అక్రమ వ్యాపార పద్ధతి అని తీర్పు చెప్పినది. బ్యాంకులు పైకోర్టుకు వెళ్ళినవి. సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆ తీర్పును కొట్టివేసినది. వడ్డీరేట్ల వ్యవహారం రిజర్వు బ్యాంకు పరిధిలోనిది గాని కమిషన్ పరిధిలోనిది కాదన్నది అందులోని సారాంశం. న్యాయసూత్రంగా అది సరియైనదే కావచ్చును. కాని పదహారేళ్ళ పాటు కాగితం మీదనైనా నిలిచిన ఆ ముప్పది అనే అంకె తొలగిపోయిన తరువాత దాని స్థానంలో మరొక అంకె రాలేదు.

రిజర్వు బ్యాంకు 2022లో జారీ చేసిన ఉత్తర్వులు మెచ్చుకొనదగినవే. కనీస చెల్లింపు కట్టుతున్నా బాకీ పెరుగుతూ పోయే విధంగా ఆ మొత్తాన్ని నిర్ణయించరాదన్నారు. కోరని కార్డును అంటగట్టరాదన్నారు. బాకీ లేని కార్డును మూసివేయమని కోరితే ఏడు పనిదినాలలో మూసివేయాలన్నారు. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు ఖాతాదారుకు చెల్లించాలన్నారు. బిల్లు తేదీని కనీసం ఒకసారి తనకు అనుకూలంగా మార్చుకొనే హక్కు ఇచ్చినారు. నెల మొదటి తారీకున జీతం వచ్చే తల్లికి ఇరువది ఎనిమిదవ తారీకు గడువు పడితే ఎంత యాతనో అనుభవించినవారికి తెలుసు. ఒక్క దరఖాస్తుతో ఆ యాతన తప్పుతుంది. కనీస చెల్లింపుతో సరిపెట్టుకొంటే అప్పు ఏళ్ళ తరబడి సాగునన్న హెచ్చరిక కూడా బిల్లులో ఉండాలన్నారు. కాని అది అందరికీ వర్తించే ఒక సాధారణ వాక్యం. దానిని చదివి మేలుకొనేవారు ఎందరు? అమెరికాలో 2009లో చేసిన కార్డుల చట్టం ప్రకారం, కనీస చెల్లింపు మాత్రమే కట్టితే ఈ ఖాతాలోని ఈ బాకీ ఎన్నేళ్ళకు తీరునో, మొత్తం ఎంత చెల్లించవలసి వచ్చునో, మూడేళ్ళలో తీర్చాలంటే నెలకు ఎంత కట్టాలో బిల్లు మీదనే ముద్రించాలి. అక్కడి మన తెలుగు బిడ్డలు నెలనెలా ఆ అంకెలు చూస్తూనే ఉన్నారు. ఇక్కడ వారి తల్లులకు ఆ సౌకర్యం ఎందుకు ఉండరాదు? ‘అమ్మా, ఇట్లా కట్టితే ఇది తీరేసరికి నీ కొడుకు పదవ తరగతి దాటుతాడు’ అనే అర్థం వచ్చే అంకెను తెలుగులో పెద్ద అక్షరాలతో వేయడానికి బ్యాంకుకు అయ్యే సిరా ఎంత?

మన దేశంలో క్రెడిట్ కార్డును తొలిరోజులలో, 1981లో, ప్రవేశపెట్టిన బ్యాంకులలో మన ఆంధ్రా బ్యాంకు ఒకటి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరులో నెలకొల్పిన ఆ సంస్థ 2020 ఏప్రిల్ ఒకటిన యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. ఆ తొలినాళ్ళలో కార్డు కావాలంటే ఖాతాదారు బ్యాంకు మెట్లెక్కవలసి ఉండేది. నేడు కార్డే మన వెంట పడుతున్నది. అంగడిలో కూరగాయల బండి దగ్గర నిలిచినప్పుడు కూడా ఫోనులో ‘మీ పరిమితి పెంచినాము’ అన్న శుభవార్త.

ఇక తాకట్టు సంగతి. ఈ విషయంలో నా మాట కొందరికి రుచింపకపోవచ్చును. మన ఇళ్ళలో స్త్రీకి ఎంతో కొంత బంగారం ఉంటుంది. బ్యాంకులలో బంగారం మీద అప్పు నెలకు రూపాయి వడ్డీకి అటు ఇటుగా దొరుకుతున్నది. మన తల్లి తన గాజులు కుదువబెట్టి అరవై వేలు తెచ్చి కార్డు బాకీ ఒక్కసారిగా తీర్చివేసి, అదే మూడు వేలు నెలనెలా ఆ బ్యాంకులో జమ చేస్తే రెండేళ్ళు నిండకముందే ఋణవిముక్తురాలవుతుంది. చెల్లించేది ఇంచుమించు 67,000. కార్డు దారిలో 1,29,000. తేడా అరవై రెండు వేలు - అసలు అప్పుకంటె ఎక్కువ! తెలిసి కూడా చాలామంది ఈ పని చేయరు. నగ తాకట్టు పెట్టడం నామోషీ. మెడ బోసిగా కనబడితే అమ్మలక్కలు అడుగుతారు. కార్డు బాకీ ఎవరి కంటికీ కనబడదు. కనబడే చవక అప్పుకు సిగ్గుపడి, కనబడని ఖరీదైన అప్పును మర్యాదగా భావిస్తున్నాము. సిగ్గును ఎక్కడ పెట్టుకోవాలో మనకు నేర్పినవారు తప్పు నేర్పినారు. నెలనెలా కట్టలేకపోతే నగ వేలానికి పోతుందన్న భయం నిజమే. కాబట్టి బాకీ తీర్చిన మరునాడే కార్డు పరిమితిని తగ్గించుకొనకపోతే, గాజులూ పోయి, కార్డు మీద అరవై వేలూ మళ్ళీ పెరిగే ప్రమాదం ఉన్నది. బంగారం లేనివారు ఆ బాకీని బ్యాంకునే అడిగి వాయిదాల అప్పుగా మార్పించుకోవచ్చును. వడ్డీ అందులో సాధారణంగా సగానికి సగం తగ్గుతుంది, రుసుము ఎంతో ముందే అడిగి తెలుసుకోవాలి.

భర్త చేసిన అప్పు సంగతి వేరు. భర్త చనిపోయిన పదిహేను రోజులకే అతని కార్డు బాకీ కోసం భార్యకు ఫోన్లు వస్తున్నవి. దుఃఖంలో ఉన్న ఆమె, పరువుకు వెరచి, తన కార్డుతోనో తన జీతంతోనో ఆ బాకీ తీర్చడానికి పూనుకొంటున్నది. చట్టం అట్లా చెప్పడం లేదు. కార్డు బాకీ హామీ లేని అప్పు. చనిపోయినవాని ఆస్తి వారసులకు ఎంత వచ్చినదో అంతమేరకే వారి బాధ్యత. ఆమె స్వార్జితం మీద, ఆమె తానుగా పూచీ వ్రాసి ఇవ్వనంతవరకు, ఆ బాకీకి అధికారం లేదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకుకు పుణ్యధర్మం అనే పాత సూత్రాన్ని మాత్రమే ఆధారం చేసుకొని కొడుకుల మీద పోవడాన్ని కూడా 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ తొలగించినది. కాబట్టి ఫోను చేసినవాడు తెచ్చే ఏ కాగితం మీదా ఆ రోజులలో సంతకం చేయకుండా ఉండడమే ఆమెకు రక్ష. ఉదయం ఎనిమిదింటికి ముందు, సాయంత్రం ఏడింటి తరువాత బాకీ కోసం ఫోను చేయరాదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. రాత్రి తొమ్మిదింటికి మోగిన ఫోనును పదేళ్ళ పిల్ల ఎత్తి, అవతలివాని మాటలు విని, తల్లి ముఖం చూచే ఇల్లు ఎట్లా ఉంటుందో ఆ ఆదేశం వ్రాసినవారు ఎరిగినవారే అయి ఉండాలి.

తల్లిని ఇంటి యజమానురాలిగా గుర్తించడానికి మన వ్యవస్థకు చాలా కాలం పట్టినది. గీతా హరిహరన్ అనే రచయిత్రి 1984లో తన కొడుకు పేర రిజర్వు బ్యాంకు బాండ్లకు దరఖాస్తు పెట్టుకొంటే, సంరక్షకుడుగా తండ్రి సంతకం కావాలన్నారు. తండ్రి తరువాతనే తల్లి అన్న 1956 చట్టంలోని మాటకు, తండ్రి మరణానంతరం అని మాత్రమే కాక, తండ్రి పట్టించుకొనని స్థితిలో అని కూడా అర్థం చెప్పుకోవాలని సుప్రీంకోర్టు 1999లో తేల్చినది. ఒంటరి తల్లి పెంచిన బిడ్డ పాన్ కార్డు దరఖాస్తులో తండ్రి పేరు వ్రాయనక్కరలేదన్న సవరణ 2018 డిసెంబరులో గాని అమలుకు రాలేదు. మనోవర్తి దరఖాస్తు పెట్టిన నాటి నుంచే లెక్కకట్టి ఇప్పించాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. తీర్పులో వచ్చిన మనోవర్తి చేతికి వచ్చేసరికి ఎన్ని జూన్లు గడిచిపోతవో న్యాయస్థానాల వరండాలలో నిలబడినవారిని అడగాలి. ఆ జూన్ల ఖర్చంతా కార్డు మీదనే ఉన్నది.

జూన్ మాటతోనే మళ్ళీ పని పడుతున్నది, ఏమంటే ఈ అప్పుకు మొదలు అక్కడ ఉన్నది. జూన్ బిల్లుకు ఏడాది ముందునుంచే సమకూర్చుకొనే దారి మన పెద్దలకు తెలియనిది కాదు. దాని పేరు చిట్టీ. 1982 నాటి చిట్‌ఫండ్ చట్టం క్రింద రిజిస్టరైన చిట్టీలో నెలకు రెండు వేలు కట్టుతూ మే నెలలో పాడుకొంటే, కొంత సొమ్ము వదులుకొన్నా, అది కార్డు వడ్డీ ముందు స్వల్పం. వీధి చివర ఇంట్లో నడిచే రిజిస్టరు లేని చిట్టీల జోలికి పోరాదని వేరే చెప్పనక్కరలేదు. వారు రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాము.

కాని ఆ రెండు వేలు కూడా మిగలని ఇళ్ళు ఉన్నవి. వారి విషయంలో బ్యాంకుకంటె బడికి బాధ్యత ఎక్కువ అనుకొంటాను. ఫీజును పది నెలలకు పంచి, వడ్డీ లేకుండా తీసుకొనడానికి పాఠశాల యాజమాన్యానికి పెద్ద నష్టమేమీ లేదు. జీతాలు ఇచ్చేది వారు కూడా నెలనెలా గదా! కోరితే ఒప్పుకొనే బడులు ఉన్నవి, కోరేవారే తక్కువ. అయితే ఆ కోరిక మే నెలలో, ప్రధానోపాధ్యాయునికి వ్రాతపూర్వకంగా పెట్టుకోవాలి. జూన్ రెండవ వారంలో వరుసలో నిలబడి అడిగితే, రశీదు పుస్తకం తెరుచుకొని కూర్చున్న గుమాస్తా తల ఎత్తకుండానే ‘కార్డు తీసుకొంటాము’ అంటాడు.